ఒకటి, రెండు తరగతుల్లో ఇంతమందికి మాట సరిగా రాకపోవడం మామూలేనా?

బడిగంట
మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఒకటి, రెండు తరగతులు రెండూ నావే. ఒకే గది, ముప్పై ఒక్క మంది. వారిలో ఆరుగురి మాట నాకు తేడాగా అనిపిస్తోంది. రెండో తరగతి పిల్లవాడొకడు కాకిని ‘తాతి’ అంటాడు, కుక్కను ‘తుత్త’ అంటాడు. ఒకటో తరగతిలో ఇద్దరికి ‘ర’ పలకదు. ఒక అబ్బాయి మొదటి అక్షరం దగ్గరే ఇరుక్కుపోయి ముఖం ఎర్రబడేదాకా పెనుగులాడతాడు. ఒక అమ్మాయి అక్షరాలన్నీ చక్కగా పలుకుతుంది, కానీ నిన్న ఏమి జరిగిందో చెప్పమంటే రెండు ముక్కలు చెప్పి ఆగిపోతుంది. ఎవరు ఎవరిని కొట్టారో తేల్చుకోవడానికి నేను పక్క పిల్లలను అడగాలి. మరో అమ్మాయి బడిలో అసలు నోరే తెరవదు.

బడి వివరాలు ప్రభుత్వానికి పంపే యూడైస్ పట్టిక నింపేటప్పుడు, ప్రత్యేక అవసరాల పిల్లల గడి దగ్గర ఈ ఆరుగురి సంగతి ఎత్తాను. ‘సున్నా రాసెయ్యండి, పెద్దయితే అవే సర్దుకుంటాయి, లేనిపోని కాగితాలు మనకెందుకు’ అన్నారు ప్రధానోపాధ్యాయుడు. ముప్పై ఒక్క మందిలో ఆరుగురంటే దాదాపు ఐదో వంతు. ఇది ఎక్కడైనా ఉండేదేనా? మా ఊళ్లోనే ఇలా ఉందా? లేక నేనే భూతద్దం పెట్టి చూస్తున్నానా?

చింతచిగురు
మా తమ్ముడు ఏడేళ్లు వచ్చేదాకా ‘లైలు’ ఎక్కి ‘లాజమండ్రి’ వెళ్లేవాడు. ఇప్పుడు బీమా ఏజెంటు. వాడు మాట్లాడటం మొదలుపెడితే ఇంట్లో అందరికీ ఏదో ఒక పని గుర్తొస్తుంది.

విసుగు_వీరయ్య
మా చిన్నప్పుడు ఈ గోల లేదు. తరగతికి ఒక నత్తివాడు, ఒక ముద్దమాటవాడు ఉండేవాళ్లు. ఆ పేర్లతోనే పిలుచుకునేవాళ్లం. అందరూ పెద్దవాళ్లయ్యారు, పెళ్లిళ్లయ్యాయి, పిల్లల్ని కన్నారు. ఇప్పుడు ప్రతిదానికీ ఒక పేరు, ఒక థెరపీ, గంటకింత అని ఫీజు. టీచరు గారూ, మీ ప్రధానోపాధ్యాయుడు అనుభవం ఉన్న మనిషి. వినండి.

తడబడే_మాట
‘ఆ పేర్లతోనే పిలుచుకునేవాళ్లం’ అని ఎంత తేలిగ్గా రాశారు వీరయ్య గారూ. మా బడిలో ఆ పేరున్నవాణ్ని నేను. సాయంత్రం తీరిగ్గా రాస్తాను.

స్వరపేటిక
స్పీచ్ థెరపిస్టును. టీచరు గారి ఆరుగురిని ఒకే జాబితాలో వేయకూడదు. అందులో కనీసం నాలుగు రకాలున్నాయి, ఒక్కోదాని లెక్క ఒక్కో విధంగా ఉంటుంది.

ధ్వనులు పలకకపోవడం మొదటిది. చిన్నతనంలో ఇది లేని పిల్లలు ఉండరు. 27 భాషల్లో జరిగిన పరిశోధనలను ఒకచోట చేర్చి 2018లో ఒక సమీక్ష వచ్చింది. ఐదేళ్లు నిండేసరికి పిల్లలు తమ భాషలోని హల్లులు దాదాపు అన్నీ పలికేస్తారని అందులో తేలింది. ‘ర’ లాంటివి కొంచెం వెనకగా వస్తాయి. అందుకని ఒకటో తరగతిలో ‘లైలు’ విని నేను కంగారుపడను. ‘క’ను ‘త’ అనడం మాత్రం సాధారణంగా నాలుగేళ్లలోపే పోతుంది, రెండో తరగతిలో ‘తాతి’ వినిపిస్తే ఆ పిల్లవాణ్ని పరీక్షించాలి. ఇంగ్లండులో బ్రిస్టల్ ప్రాంతపు పిల్లలను పుట్టుక నుంచి గమనిస్తున్న పెద్ద అధ్యయనంలో, ఎనిమిదేళ్లకు కూడా ఈ ఇబ్బంది మిగిలినవారు 3.6 శాతం. ఆస్ట్రేలియాలో నాలుగేళ్ల పిల్లల్లో 3.4 శాతం.

రెండోది నత్తి. నూటికి ఐదుగురికో, అంతకంటే ఎక్కువమందికో బాల్యంలో ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. మొదలయ్యేది ఎక్కువగా రెండు నుంచి ఐదేళ్ల మధ్య. నలుగురిలో ముగ్గురికి దానంతట అదే పోతుంది, చివరికి మిగిలేది జనాభాలో ఒక శాతం. బడి వయసు వచ్చేసరికి నత్తి ఉన్న మగపిల్లలు ఆడపిల్లలకు మూడు నాలుగు రెట్లు ఉంటారు. ఆడపిల్లల్లో త్వరగా బయటపడేవారు ఎక్కువ.

మూడోది మీ ‘రెండు ముక్కల’ అమ్మాయి. నా దృష్టిలో అన్నిటికంటే పట్టించుకోవలసింది ఇదే, ఎవరికీ పట్టనిదీ ఇదే. ఉచ్చారణ శుభ్రంగా ఉంటుంది కాబట్టి లోపమని ఎవరికీ తోచదు. వాక్యం కట్టుకోవడం కష్టం, విన్న వాక్యం పూర్తిగా అందదు. ఇంగ్లండులోని సర్రే కౌంటీలో కొత్తగా బడిలో చేరిన నాలుగైదేళ్ల పిల్లలను పరీక్షిస్తే, వేరే వైద్య కారణం ఏదీ లేకుండా భాష దగ్గరే వెనకబడినవారు సుమారు 7.5 శాతం ఉన్నారు. ఆ ఫలితాలు 2016లో వచ్చాయి. 1997లో అమెరికాలో తేలింది కూడా ఇంచుమించు అంతే, 7.4. అంటే ముప్పై మంది గదిలో ఇద్దరు. మన దగ్గర ఈ పిల్లలకు ‘చదువు ఎక్కదు’ అన్న ముద్ర పడుతుంది.

నాలుగోది నోరు తెరవకపోవడం. దాని సంగతి చెప్పేముందు ఒక ప్రశ్న. ఆ అమ్మాయి ఇంట్లో మాట్లాడుతుందా?

అన్నిటికంటే ముందు ఆరుగురికీ వినికిడి పరీక్ష చేయించండి. చెవి సంగతి తేలకుండా నోటి గురించి నేను ఏమి చెప్పినా ఊహే అవుతుంది.

లెక్కల_పిచ్చి
స్వరపేటిక గారు ఒక చోట 3.6, ఒక చోట 7.5, ఒక చోట ఒక శాతం అన్నారు. అమెరికా జాతీయ ఆరోగ్య సర్వే 2012లో మూడు నుంచి పదిహేడేళ్ల పిల్లల్లో మాట, గొంతు, భాష, మింగడం అన్నీ కలిపి 7.7 శాతం చెప్పింది, సుమారు పదమూడు మందిలో ఒకరు. వారి ఆరోగ్య సంస్థే ఇంకోచోట ఒకటో తరగతికి వచ్చేసరికి మాటలో స్పష్టమైన లోపం ఉన్నవారు ఐదు శాతం అంటుంది. వీటిలో ఏది నమ్మాలి?

అన్నట్టు టీచరు గారి గది లెక్క వేశాను. అన్ని రకాలూ కలిపి పదిమందిలో ఒకరికి ఉంటుందనుకుందాం. ముప్పై ఒక్క మంది గదిలో సగటున ముగ్గురు ఉండాలి. కానీ గదులన్నిటిలో సరిగ్గా ముగ్గురే ఉండరు కదా. కేవలం యాదృచ్ఛికంగానే పన్నెండు గదులకు ఒక గదిలో ఆరుగురో, అంతకంటే ఎక్కువమందో పడతారు. కాబట్టి ‘మా ఊళ్లో ఏదో ఉంది’ అనుకోవలసిన అవసరం లెక్క ప్రకారం లేదు.

స్వరపేటిక
అన్నీ నమ్మవచ్చు, ఎందుకంటే అవన్నీ ఒకే ప్రశ్నకు జవాబులు కావు. తల్లిదండ్రులకు ఫోను చేసి ‘మీ పిల్లకు గత ఏడాది ఏమైనా ఇబ్బంది ఉందా’ అని అడిగితే ఒక అంకె వస్తుంది. పిల్లను ఎదురుగా కూర్చోబెట్టి బొమ్మలు చూపించి పరీక్షిస్తే మరో అంకె. మూడేళ్లకు లెక్కిస్తే ఎక్కువ, ఎనిమిదేళ్లకు తక్కువ. పైగా భాష విషయంలో ‘ఇక్కడి నుంచి లోపం’ అని శరీరం చెప్పదు, పరిశోధకులే ఒక గీత గీసుకుంటారు. గీత కొంచెం పైకి జరిపితే శాతం పెరుగుతుంది.

మీ లెక్క బాగుంది, ఒక్క సవరణ. ఒకే ఊరి పిల్లలకు చెవిలో చీము, మేనరికాలు, ఇంటి భాష లాంటివి ఉమ్మడిగా ఉండవచ్చు. నాణెం ఎగరేసినట్టు ఒకరితో ఒకరికి సంబంధం లేదనుకోకూడదు.

లెక్కల_పిచ్చి
ఒప్పుకుంటాను. అలాంటప్పుడు ఆరుగురు పడే గదులు నేను చెప్పినదానికంటే ఎక్కువే ఉంటాయి.

కాగితం_పులి
విద్యాశాఖలోనే గుమాస్తా ఉద్యోగం చేశాను కాబట్టి ఆ ‘సున్నా’ గురించి చెబుతాను. ప్రధానోపాధ్యాయుణ్ని తిట్టుకోకండి, నియమం ప్రకారం ఆయన రాసింది దాదాపు సరైనదే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఇరవై ఒక్క వైకల్యాలున్నాయి, వాటిలో ‘వాక్, భాషా వైకల్యం’ ఒకటి. కానీ నిర్వచనం చదవండి. స్వరపేటిక తీసేయడం, మెదడు దెబ్బతిని భాష పోవడం లాంటి శారీరక, నాడీ కారణాల వల్ల వచ్చిన శాశ్వత వైకల్యమై ఉండాలి. ‘తాతి’ అనే పిల్లవాడు అందులోకి ఎలా వస్తాడు?

జనగణన కూడా అంతే. 2011లో దేశం మొత్తం మీద మాట వైకల్యం కింద ఇరవై లక్షలకు కాస్త తక్కువమంది లెక్కకు వచ్చారు. వివరాలు రాసుకునేవారికి ఇచ్చిన సూచన ఏమిటంటే, నత్తి ఉన్నా మాట అర్థమవుతుంటే ఆ మనిషిని వైకల్యం కింద రాయకూడదు. కాబట్టి ‘మన దేశంలో ఎంతమంది పిల్లలకు మాట ఇబ్బంది ఉంది’ అని ప్రభుత్వ కాగితాల్లో వెతికితే దొరికేది చాలా చిన్న అంకె. అది పిల్లలు తక్కువగా ఉండి వచ్చిన అంకె కాదు, జల్లెడ రంధ్రాలు పెద్దవి.

బడిగంట
అంటే నా ఆరుగురికీ ఏ గడిలోనూ చోటు లేదన్నమాట.

కాగితం_పులి
ఆ గడిలో లేదు. ఇంకో దారి ఉంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది, పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ల దాకా. సంచార వైద్య బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి రావాలి. వారు చూడవలసిన ముప్పై సమస్యల్లో వినికిడి లోపం, భాష ఆలస్యం, గ్రహణం మొర్రి ఉన్నాయి. అక్కడ వైకల్య ధ్రువపత్రం అవసరం లేదు, అనుమానం చాలు. వారు జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. మీ బడికి వచ్చినప్పుడు ఈ ఆరుగురి పేర్లు ముందే ఒక కాగితం మీద రాసి చేతిలో పెట్టండి. లేకపోతే బరువు, ఎత్తు, పళ్లు, రక్తహీనత చూసుకుని వెళ్లిపోతారు.

అంగన్‌వాడీ_అక్క
పులి గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మా దగ్గరికి వచ్చినప్పుడు అరవైమంది పిల్లల్ని ఒక్క పూటలో చూడాలి. కొత్త మనిషి అడిగితే ఏ పిల్ల మాట్లాడుతుంది? ఏడుస్తుంది. ఏడ్చే పిల్లకు నత్తి ఉందో లేదో ఎవరికి తెలుస్తుంది? రోజూ చూసే మేమే చెప్పాలి.

కేంద్రానికి పంపాక కూడా కథ అయిపోదు. జిల్లా కేంద్రం మాకు రెండు బస్సులు మారాలి. ఒకరోజు కూలి పోతుంది, తోడుగా వెళ్లేవారికి మరో కూలి. థెరపీ ఒక్క రోజుతో తీరేది కాదు. రెండోసారి వెళ్లినవాళ్లను నేను పెద్దగా చూడలేదు.

విసుగు_వీరయ్య
నేను చెప్పేదీ అదే. వెళ్లలేని చోటికి పంపడానికి పేర్లు రాయడం దేనికి? తల్లిదండ్రులకు ఒక దిగులు తగిలించడం తప్ప.

స్వరపేటిక
వీరయ్య గారూ, దిగులు వారికి ముందే ఉంటుంది. పేరు లేని దిగులైతే గుళ్లూ తాయెత్తులూ తిరుగుతారు.

అమరావతి_అత్తయ్య
గుళ్లను ఎందుకు లాగుతారమ్మా మధ్యలో. మా ఇళ్లలో మాట ఆలస్యమైతే వస కొమ్ము అరగదీసి నాలుకకు రాసేవాళ్లం. చిలక కొట్టిన జామపండు పెట్టేవాళ్లం. మా పిల్లలందరూ గడగడా మాట్లాడారు.

చింతచిగురు
చిలక కొట్టిన పండు మా తమ్ముడికీ పెట్టారు. మోతాదు ఎక్కువైందని ఇప్పుడు తెలుస్తోంది.

స్వరపేటిక
జామపండు పెట్టండి అత్తయ్య గారూ, కడిగి పెట్టండి. వస మాత్రం వద్దు. అందులో బీటా అసరోన్ అనే పదార్థం ఉంది, దాని వల్ల అమెరికాలో 1968 నుంచే ఆహారంలో వస వాడకాన్ని నిషేధించారు. వస పట్టిన తర్వాత వాంతులతో చిన్నపిల్లలను ఆసుపత్రికి తేవడం మన దగ్గర కొత్త కాదు. ‘మా పిల్లలందరూ మాట్లాడారు’ అంటే, ఆలస్యంగా మాటలు వచ్చే పిల్లల్లో చాలామంది వస లేకపోయినా మాట్లాడతారు.

అమరావతి_అత్తయ్య
రవ్వంత రాస్తే ఏమీ కాదు. తరతరాలుగా రాస్తున్నాం. పోనీలే, నీ మాట కాదని మనవరాలికి రాస్తే కోడలే ఊరుకోదు.

సివయ్య_మనవడు
నాదొక సందేహం. మా ఊళ్లో అందరూ ‘సివుడు’, ‘సంకరం’ అనే అంటారు. ‘ళ’ ఉన్న చోట ‘ల’ పలుకుతారు. నేను బడిలో ‘సివుడు’ అంటే టీచరు ‘నాలుక తిరగదా’ అని నిలబెట్టేవారు. ఈ శాతాల్లో మా ఊరు మొత్తాన్ని కలిపేశారా?

స్వరపేటిక
కలపరు, కలపకూడదు. ఇంట్లో, వీధిలో అందరూ ఎలా పలుకుతారో పిల్ల అలాగే పలికితే అది యాస. ఆ ఊళ్లో మరెవరికీ లేనిది ఆ పిల్లకే ఉంటేనే లోపం అని చూడాలి. నేను పరీక్షించేటప్పుడు తల్లి చేత కూడా అవే పదాలు పలికిస్తాను. తల్లి ‘సివుడు’ అంటే ఆ ధ్వనిని లెక్కలో నుంచి తీసేస్తాను. టీచర్లు ఇక్కడే రెండు రకాలుగా పొరపడతారు. యాస ఉన్నవాణ్ని నిలబెడతారు, రెండు ముక్కల్లో మాట్లాడే పిల్లను ‘నెమ్మదస్తురాలు’ అని మెచ్చుకుంటారు.

బడిగంట
నిజమే. ఆమెకు నేనే మొదటి నెలలో ‘క్రమశిక్షణ’ అని నక్షత్రం ఇచ్చాను.

డాలస్_అమ్మ
ఇక్కడ అమెరికాలో పద్ధతి వేరు, కానీ అదీ స్వర్గం ఏమీ కాదు. ప్రభుత్వ బడుల్లో స్పీచ్ థెరపిస్టు ఉంటారు. కేంద్ర చట్టం ప్రకారం మూడేళ్లు నిండినప్పటి నుంచి అర్హత ఉన్న పిల్లలకు థెరపీ ఉచితం, తరగతి మధ్యలో వచ్చి తీసుకెళ్తారు. ప్రత్యేక విద్య పొందుతున్న పిల్లల్లో దాదాపు ఐదో వంతు మాట, భాష పద్దు కిందే ఉంటారు. నేను చూసినంతలో పేర్లు పెట్టి ఏడిపించడం తక్కువ, ఎందుకంటే ప్రతి తరగతిలోనూ ఎవరో ఒకరు లేచి వెళ్తూనే ఉంటారు.

మా వాడి విషయంలో గొడవ ఎక్కడ వచ్చిందంటే, ఐదేళ్లవాడు, ఇంట్లో తెలుగే. ఇంగ్లీషులో పరీక్ష పెట్టి భాష వెనకబడింది అన్నారు. మూడు చక్రాల సైకిల్ బొమ్మ చూపిస్తే వాడికి తెలుగులో తెలుసు. ఒకావిడ ‘ఇంట్లో తెలుగు ఆపేయండి’ అని సలహా కూడా ఇచ్చింది. పిల్లవాడి సొంత భాషలో పరీక్షించాలని చట్టంలోనే ఉందని మా వారు పట్టుబట్టారు. తెలుగు తెలిసిన మనిషిని పక్కన కూర్చోబెట్టి మళ్లీ పెడితే భాష వయసుకు తగ్గట్టే ఉంది. ఒక్క ‘ర’, ‘స’ దగ్గర ఇబ్బంది తేలింది, దానికి థెరపీ ఇచ్చారు.

స్వరపేటిక
డాలస్ అమ్మ గారి మాట మన ఇంగ్లీషు మాధ్యమం బడులకూ వర్తిస్తుంది. రెండు భాషలు వినడం వల్ల భాషా లోపం రాదు. లోపం ఉన్న పిల్లకు రెండు భాషల్లోనూ ఉంటుంది. ఒక భాషలోనే ఇబ్బందిగా ఉండి, రెండోదానిలో కబుర్లు చెబుతుంటే ఆ పిల్ల ఇంకా నేర్చుకుంటోందని అర్థం.

రెండుజడల_అమ్మ
నాలుక కింద పొర అతుక్కుని ఉందని, కోయిస్తే మాట వస్తుందని మా పాపకు ఒకరు చెప్పారు. నాలుగేళ్లు. కోయించమంటారా?

స్వరపేటిక
చూడకుండా చెప్పలేను. నోరు తెరిచి, నాలుక కొసతో పైపళ్ల వెనక భాగాన్ని తాకగలుగుతోందా చూడండి. తాకగలిగితే ‘ల’, ‘త’, ‘న’ పలకడానికి ఆ పొర అడ్డు కాదు. మాటలే ఆలస్యమైతే పొర కారణం అయ్యే అవకాశం లేదు, ముందు చెవి పరీక్ష.

మునగచెట్టు
చెవి పరీక్ష అని స్వరపేటిక గారు ఇన్నిసార్లు ఎందుకంటున్నారో నా అనుభవం చెబుతాను. మా అబ్బాయి ఒకటో తరగతిలో మాట ముద్దగా ఉండేది, పిలిస్తే ఒక్కోరోజు పలికేవాడు, ఒక్కోరోజు పలికేవాడు కాదు. పొగరు అనుకున్నాం, దెబ్బలు కూడా పడ్డాయి. రాత్రి నోరు తెరిచి గురక పెట్టేవాడు. ఆ గురకకు చెవి, ముక్కు, గొంతు వైద్యుడి దగ్గరికి తీసుకెళ్తే చెవి పరీక్ష చేయించారు. ముక్కు వెనక ఎడినాయిడ్లు అనే కణజాలం వాచి, రెండు చెవుల్లో కర్ణభేరి వెనక జిగురు నీరు చేరింది. జలుబు చేసినప్పుడు వినికిడి తగ్గడం, తగ్గాక పెరగడం, అందుకే ఆ ‘పొగరు’. చిన్న ఆపరేషన్ చేసి సన్నటి గొట్టాలు పెట్టారు. ఇంటికి వస్తూ ఆటోలో ‘అమ్మా, చప్పుడు ఎక్కువగా ఉంది’ అన్నాడు. మాట తేరుకోవడానికి ఇంకా చాలా నెలలు పట్టింది, దానికి థెరపీ కావలసి వచ్చింది.

స్వరపేటిక
బడి మొదలయ్యే వయసులో ఈ జిగురు నీరు చాలా సాధారణం. ఎక్కువమందికి మూడు నెలల్లో దానంతట అదే తగ్గుతుంది, అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. టీచర్లు చూడవలసినవి: నోటితో గాలి పీల్చడం, తరచూ ‘ఆఁ?’ అనడం, టీవీ దగ్గరగా కూర్చోవడం, వెనక నుంచి పిలిస్తే తిరగకపోవడం, చెవిలో చీము.

తడబడే_మాట
చెప్పినట్టే వచ్చాను. హాజరు పిలిచేటప్పుడు ‘ప్రెజెంట్ సార్’ నాకు వచ్చేది కాదు. ‘ప’ దగ్గర పెదవులు అతుక్కుపోయేవి. సార్ ఒక్కో క్షణం ఆగి, గైర్హాజరు వేసి ముందుకు వెళ్లేవారు. అలా తరగతి గదిలో కూర్చునే గైర్హాజరయ్యాను. తరువాత ‘ఎస్ సార్’ అనడం నేర్చుకున్నాను. అక్కడి నుంచి బతుకంతా మాటలు మార్చుకోవడమే. హోటల్లో ‘దోసె’ అనలేక ఇడ్లీ తిని పెరిగాను. ఇడ్లీ అంటే నాకు ఇష్టం లేదు.

అందుకే లెక్కలు చూస్తే నవ్వొస్తుంది. నత్తి ఉన్నవాళ్లలో బాగా ఆరితేరినవాళ్లు బయటికి కనబడరు. మా ఇంట్లో అమ్మకు తప్ప ఎవరికీ నా నత్తి ఎంతో తెలియదు. టీచరు ముందు నోరు విప్పని వెనక బెంచీ అబ్బాయిని ఏ సర్వేలో వేస్తారు?

టీచరు గారూ, ఆ పెనుగులాడే అబ్బాయికి మీరు చేయగలిగినవి చెబుతాను. ‘నెమ్మదిగా చెప్పు’, ‘గాలి పీల్చుకో’ అనకండి. వాక్యం మీరు పూర్తి చేయకండి. ముఖంలోకి చూస్తూ, గడియారం చూడకుండా, చెప్పేదాకా ఆగండి. పక్కవాళ్లు నవ్వితే ఆ క్షణంలోనే ఆపండి. చదివించడం మానేయకండి, మానేస్తే అదే పెద్ద శిక్ష. వాడికి జంటగా ఇంకొకరిని ఇచ్చి కలిసి చదివించండి. గుంపుగా ఎక్కాలు చెప్పేటప్పుడు, పద్యం రాగంతో పాడేటప్పుడు మాలో చాలామందికి నత్తి రాదు. ఇది మాకూ వింతే. ఆ పద్యం దగ్గర వాణ్ని ముందు నిలబెట్టండి.

విసుగు_వీరయ్య
గైర్హాజరు సంగతి చదివాను. మా తరగతిలో ఉన్నవాడు ఇప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలియదు, కనుక ‘అందరూ బాగుపడ్డారు’ అన్న నా మాటకు నా దగ్గర రుజువు లేదు. కానీ ఫీజుల సంగతిలో నా మాట నాదే. మా వీధిలో ఒక బోర్డు ఉంది, ‘మూడు నెలల్లో నత్తి మాయం, గ్యారంటీ’ అని. వీళ్లను ఏమంటారు?

స్వరపేటిక
దొంగలంటాను. నత్తికి గ్యారంటీ ఇచ్చే థెరపిస్టు లేడు. భారత పునరావాస మండలి ఇచ్చిన నమోదు సంఖ్య అడగండి, చూపించలేకపోతే లేచి వచ్చేయండి. ఖర్చు భరించలేనివారికి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, వినికిడి, మాట రెండూ చూస్తారు. రాయలసీమవారిలో కొందరు మైసూరు వెళ్తారు. 1965లో పెట్టిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ అక్కడే ఉంది. పెద్దవాళ్లకైతే నత్తి ఉన్నవారు కలిసి నడుపుకునే ఇండియన్ స్టామరింగ్ అసోసియేషన్ ఉంది.

భవిత_మేడం
ప్రతిదానికీ సికింద్రాబాద్, మైసూరు అంటే పల్లెవాళ్లు ఏమి చేస్తారండీ? సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద మండలాల్లో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి, నేను అందులోనే పని చేస్తాను. మేము స్పీచ్ థెరపిస్టులం కాము, ఆ మాట ముందే చెబుతున్నాను. కానీ థెరపిస్టు ఒకసారి చూసి ఏ ధ్వని మీద ఎలా పని చేయాలో రాసిస్తే, రోజువారీ సాధన మేము చేయించగలం, తల్లికి నేర్పగలం. బడిగంట గారూ, మీ మండలంలో కేంద్రం ఎక్కడుందో విద్యా వనరుల కేంద్రంలో అడగండి.

బడిగంట
ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. నోరు తెరవని అమ్మాయి గురించి స్వరపేటిక గారు అడిగారు కదా, వాళ్ల ఇంటికి వెళ్లాను. గుమ్మంలోనే వినిపించింది, గలగలా మాట్లాడుతోంది, తమ్ముణ్ని తిడుతోంది. తెలుగులో కాదు. వాళ్లది తండా, ఇంట్లో లంబాడీ. నన్ను చూడగానే నోరు మూసేసింది. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. ఆ పిల్లకు రెండూ పరాయివే.

తండా_కుర్రాడు
నేనూ తండాలో పుట్టినవాణ్నే, ఇప్పుడు ఉపాధ్యాయుణ్ని. ఒకటో తరగతి సగం గడిచేదాకా నేను బడిలో మాట్లాడలేదు. మా సార్ ‘మూగవాడా’ అని మా యాడిని, అంటే అమ్మను, అడిగారట. ఆవిడ నవ్వలేక చచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో గోండి, కోయ, సవర, బంజారా వంటి ఎనిమిది భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టారు, చిన్న తరగతుల్లో సొంత భాషతో మొదలుపెట్టి మెల్లగా తెలుగులోకి తేవడం. అది అన్ని తండాలకూ చేరలేదు.

స్వరపేటిక
అయితే ఆరుగురిలో ఒకరు ప్రస్తుతానికి తగ్గారు. ప్రస్తుతానికి అంటున్నాను. లంబాడీ పిల్లలకు భాషా లోపం రాకూడదని లేదు. ఆమె తన భాషలో వయసుకు తగ్గట్టు కథ చెప్పగలుగుతోందా అన్నది ఆ భాష తెలిసినవారే చూడాలి. ఇంట్లో గలగలా మాట్లాడి బడిలో నెలల తరబడి, భాష వచ్చిన తర్వాత కూడా నోరు తెరవకపోతే అది ఆందోళన వల్ల వచ్చే మౌనం కావచ్చు. అది అరుదు, నూటికి ఒకరికంటే తక్కువ. కొత్త భాష విని నిశ్శబ్దంగా ఉండే కాలాన్ని దానితో కలపకండి.

లెక్కల_పిచ్చి
‘ర’ పలకని ఇద్దరు ఒకటో తరగతివాళ్లే కదా, వాళ్లనూ కాస్త పక్కన పెడితే మిగిలింది ముగ్గురు. సగటు దగ్గరికే వచ్చాం.

తడబడే_మాట
సగటు దగ్గరికి వచ్చినా ఆ ముగ్గురూ ఉన్న చోటే ఉన్నారు సార్.

తండా_కుర్రాడు
బడిగంట గారూ, పై తరగతుల్లో ఆ అమ్మాయి అక్కో అన్నో ఉన్నారా? ఉంటే పక్కన కూర్చోబెట్టి, బొమ్మల పుస్తకం తెరిచి ఇద్దరినీ వాళ్ల భాషలో మాట్లాడుకోనివ్వండి. మీరు దూరంగా మీ పని చేసుకోండి. వినాలనిపిస్తే ఫోనులో రికార్డు చేసి నాకు పంపండి, తల్లిదండ్రులను అడిగి మాత్రమే.

బడిగంట
నాలుగో తరగతిలో అక్క ఉంది. సోమవారం కూర్చోబెడతాను. ‘తాతి’ పిల్లవాడికి చెవిలో చీము వస్తుంటుందని వాళ్ల అమ్మ ఇప్పుడు చెప్పింది, నూనె పోస్తున్నారట. వద్దన్నాను. వచ్చే వారం జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్తామన్నారు, రెండు ముక్కల అమ్మాయిని కూడా వాళ్లతోనే పంపుతాను. ప్రధానోపాధ్యాయుడు ‘సరే, మీ ఇష్టం, కానీ యూడైస్‌లో మాత్రం సున్నాయే’ అన్నారు.

కాగితం_పులి
సున్నా ఉండనివ్వండి. బడి తరఫున ఒక తెల్ల కాగితం మీద పిల్లల పేర్లు, మీరు గమనించినవి రాసి, తేదీ వేసి ఇచ్చి పంపండి. అది ఉంటే అక్కడ త్వరగా చూస్తారు.

అంగన్‌వాడీ_అక్క
వెళ్లేముందు వినికిడి పరీక్షించే ఆడియాలజిస్టు ఏ రోజు ఉంటారో ఫోను చేసి కనుక్కోండి టీచరు గారూ. మా జిల్లాలో వారంలో కొన్ని రోజులే ఉంటారు. లేని రోజు వెళ్తే ఆ తల్లి మళ్లీ రాదు.